కరువు సీమలో విధాన రచన – ప్రజా భాగస్వామ్యం

ప్రభుత్వం ఒక లక్ష్యాన్ని నిర్ణయించుకొని, దానిని సాధించడానికి అనుసరించే మార్గాన్ని ‘విధానం’ అంటారు. చట్టం, పథకం, రాయితీ, పన్ను, నిషేధం – ఇవన్నీ విధానానికి వివిధ రూపాలు. విధానం రూపుదిద్దుకొనేది రాజధానిలో. దాని మంచిచెడ్డలు తేలేది ఊరి పొలిమేరలో. ఈ రెండింటికీ నడుమ గల దూరాన్ని తగ్గించే సాధనమే ప్రజా భాగస్వామ్యం.

సంకల్పం మంచిదైనంత మాత్రాన ఫలితం కూడా మంచిదే అవుతుందని చెప్పలేం. సమాజం నిలకడగా ఉండదు. విధానాలే దానిని మారుస్తూ ఉంటాయి. నిన్నటి సమస్యకు పరిష్కారంగా వచ్చినది నేటి సమస్యకు కారణం కావచ్చు. ఈ సత్యాన్ని గ్రహించడానికి అనంతపురం కరువు పీఠభూమి చక్కని ఉదాహరణ.

వాననీడలోని నేల

ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న అది అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. ఈ పాఠంలో అనంతపురం అన్నప్పుడు ఈ రెండు జిల్లాల ప్రాంతాన్నీ కలిపి చెప్పినట్లు గ్రహించాలి.

పడమటి కనుమల వాననీడలో ఉండడం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. తూర్పు తీరానికి దూరంగా ఉండడం వల్ల ఈశాన్య రుతుపవనాల ఫలమూ పూర్తిగా అందదు. ఏడాదికి సగటున కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్న, చిత్రావతి, వేదవతి నదులు ఈ నేల మీదుగా సాగినా, అవి ఏడాది పొడవునా పారే జీవనదులు కావు. పైన పలుచని ఎర్రనేల, అడుగున గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో నిలిచిన కొద్దిపాటి ఊటే భూగర్భజలం.

వాన ఎంత కురిసిందన్న దానికన్నా ఎప్పుడు కురిసిందన్నది ఇక్కడ ముఖ్యం. పదును చూసి విత్తనం వేసిన తరువాత వారాల తరబడి చినుకు రాలక పైరు వాడిపోవడం, తీరా కోతవేళ వాన పట్టి కాయ కుళ్లిపోవడం ఈ సీమ రైతుకు కొత్త కాదు. వాన ఒక ఊరిలో కురిసి పక్క ఊరిని దాటిపోవడం కూడా సామాన్యమే. ఇటువంటి నేల కోసం ఒకే కొలతతో విధానాన్ని రూపొందించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

పంటల బీమా ఇందుకు నిదర్శనం. 1985లో సమగ్ర పంటల బీమా పథకం, 1999–2000లో జాతీయ వ్యవసాయ బీమా పథకం అమలులోకి వచ్చాయి. ప్రతి రైతు పొలాన్నీ విడివిడిగా పరిశీలించడం అసాధ్యం కావున, ఒక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకొని దిగుబడిని లెక్కించారు. మన రాష్ట్రంలో ఆ యూనిట్ మండలం. మండలం మొత్తం మీద దిగుబడి ఫరవాలేదని తేలితే, అదే మండలంలో పంట పూర్తిగా పోయిన ఊరికి పరిహారం అందదు. లెక్క సక్రమమే, న్యాయం మాత్రం జరగలేదు. యూనిట్‌ను గ్రామస్థాయికి కుదించాలన్న కోరిక ఇటువంటి అనుభవాల నుండి పుట్టినదే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ప్రధాన పంటలకు గ్రామాన్ని లేదా గ్రామపంచాయతీని యూనిట్‌గా నిర్దేశించింది. ‘దేనిని, ఏ స్థాయిలో కొలవాలి?’ అన్నది సాంకేతిక విషయంగా కనిపించినా, నిజానికి ప్రజల బ్రతుకులను నిర్ణయించే ప్రశ్న అది.

చెరువు నేర్పిన కట్టుబాటు

నీటిని కాపాడుకోవడం ఈ సీమకు పూర్వం నుండి తెలిసిన విద్యే. విజయనగర రాజుల కాలంలో ఇక్కడ అనేక చెరువులు వెలిశాయి. అనంతపురం, బుక్కరాయసముద్రం చెరువులు ఆనాటివే. చెరువులు కట్టించినవారికి, కాపాడేవారికి ‘దశబంధం’ పేర ఇనాము భూములు ఉండేవి. ఏ మడికి ఎంత నీరు పారాలో చూసుకొనే ‘నీరుగంటి’ ఉండేవాడు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోయినప్పుడు ఊరి క్షేమం కోసం ప్రాణత్యాగం చేసిన ముసలమ్మ కథే కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి ఇతివృత్తం. చెరువు కట్ట తెగితే అది ఒక రైతు నష్టం కాదు, ఊరందరి నష్టం అన్న భావన ఆ కథకు మూలం.

అయితే ఆ పాత వ్యవస్థను ఆదర్శంగా భావించి పొంగిపోనవసరం లేదు. ఆనాటి కట్టుబాటులో భూమి గలవాడి మాటే చెల్లుబాటయ్యేది. కట్టపై మట్టి మోసినవారికి, నిమ్నకులాలవారికి, స్త్రీలకు నిర్ణయంలో చోటు లేదు. బాధ్యత అందరిదీ, అధికారం కొందరిదీ కావడం ఆ వ్యవస్థలోని లోపం.

1876–78 నాటి మహాక్షామం తరువాత పరిస్థితి మారింది. 1880 నాటి క్షామ కమిషన్ సిఫారసులను అనుసరించి క్షామ నియమావళులు ఏర్పడ్డాయి. ఎప్పుడు కరువుగా ప్రకటించాలి, ఎవరికి పని కల్పించాలి అన్న విషయాలను అవి నిర్దేశించాయి. ఎన్నో ప్రాణాలను కాపాడిన ఏర్పాటు అది. కాని కరువును గుర్తించే పని అధికారులది, సహాయం అందుకొనే వంతు ప్రజలది అన్న విభజన కూడా నాటినుండే స్థిరపడింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా చాలా కాలం ఆ విభజన చెక్కుచెదరలేదు.

మూడు మేళ్లు – ఒక చిక్కుముడి

ఒక్కొక్కటిగా చూస్తే మంచివైన విధానాలు, కలిసినప్పుడు ఎటువంటి ఫలితాన్నిస్తాయో గమనిద్దాం.

మొదటిది ఆహారం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభమైంది. పేదల ఆకలి తీర్చిన గొప్ప పథకం అది. అంతవరకు ఈ సీమలో ప్రధానాహారం జొన్న, కొర్ర, రాగి, సజ్జ. చౌక బియ్యం ఇంటికి చేరడంతో పండుగనాడు మాత్రమే వండుకొనే వరి అన్నం నిత్యభోజనమైంది. తినేవారు తగ్గగా చిరుధాన్యాలు పండించేవారూ తగ్గారు.

రెండవది నూనెగింజలు. దేశం వంటనూనెలలో స్వయం సమృద్ధి సాధించాలన్న ఆశయంతో 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ఏర్పడింది. ఇక్కడివారు ‘బుడ్డలు’ అని పిలుచుకొనే వేరుశనగ, మెట్టనేలలో నాలుగు రూకలు తెచ్చే పంటగా అప్పటికే విస్తరిస్తూ ఉంది. మంచి ధర, రాయితీ విత్తనం, బ్యాంకు రుణం, బీమా – అన్నీ దాని చుట్టూ అల్లుకొన్నాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ సాగైంది. 1994 నుండి వంటనూనెల దిగుమతులకు ద్వారాలు తెరుచుకోవడంతో ఆ ధరకు ఉన్న రక్షణ సడలింది. ఏకపంట అయినందున, వాన తప్పిన ఏడాది ఆ కుటుంబానికి తిండిగింజలూ లేవు, పశువులకు మేతా లేదు, చేతిలో డబ్బూ లేదు. పంట మార్చండని చెప్పే శాఖే ప్రతి ఏటా రాయితీపై వేరుశనగ విత్తనాన్ని పంచవలసి వచ్చింది. పంచకపోతే రైతుకు ఆ ఏడు గడవదు; పంచితే పంట మారదు.

మూడవది విద్యుత్తు. వరుస కరువులతో రైతులు అప్పులపాలైన సమయంలో, 2004లో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తును ప్రకటించింది. మోటారు బిల్లు కట్టలేని రైతుకు అది ఊరట. అయితే నీరు తోడడానికి ఖర్చు లేనప్పుడు, నీటిని పొదుపు చేయాలన్న ప్రేరణ కూడా సన్నగిల్లుతుంది. పాత బావులు ఎండాయి. బోర్లు లోతుకు, మరింత లోతుకు దిగాయి.

ఈ మూడింటిలో దేనినీ తప్పు పట్టలేం. ఆకలి తీర్చడం, ఆదాయం పెంచడం, భారం తగ్గించడం – మూడూ ప్రజలు కోరుకొన్నవే. ఒక్కొక్క శాఖ తన పనిని తాను చేసింది. మూడూ కలిసి నేలను, నీటిని, ఆహారపుటలవాటును ఎలా మారుస్తాయో చూడవలసినవారు మాత్రం ఎవరూ లేకపోయారు. ఒకసారి అలవడిన మేలును వెనక్కు తీసుకోవడం ఏ ప్రభుత్వానికీ సులభం కాదు. విధాన రచనలోని అసలు కష్టం ఇక్కడే ఉంది.

చట్టం పలికిన చోట, నమ్మకం పలకని చోట

ఒక ఉదాహరణ తీసుకుందాం. పక్కపక్కనే పొలాలు గల ఇద్దరు రైతులు ఉన్నారనుకొందాం. ఇద్దరి బోర్లూ ఒకే ఊట మీద ఆధారపడినవి. మొదటి రైతు నీటిని పొదుపుగా వాడితే, మిగిలిన నీరు రెండవ రైతు బోరులోకి పోతుంది. కనుక మొదటి రైతు పొదుపు చేయడు. రెండవ రైతు ఆలోచన కూడా అదే. ఇద్దరూ పోటీపడి తోడగా ఇద్దరి బోర్లూ ఎండుతాయి. అప్పు చేసి మరొకటి వేస్తారు. ఇందులో మూర్ఖులు ఎవరూ లేరు. ఎవరి మేలు వారు చూసుకొన్నందువల్లనే ఇద్దరికీ కీడు కలిగింది.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం తన భూమి అడుగున ఉన్న నీటిని తీసుకొనే హక్కును భూయజమానికి గుర్తించింది. అనంతపురం జిల్లా ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే కావడం గమనార్హం. నూట ఇరవై ఏళ్ల తరువాత, 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం – జనవ్యవహారంలో ‘వాల్టా’ – వచ్చింది. బావులను నమోదు చేయించుకోవాలనీ, కొత్త బోరుకు అనుమతి పొందాలనీ అది నిర్దేశించింది. చట్టం ఉద్దేశం ఉత్తమమైనదే. కాని రాత్రికి రాత్రి ఊరిలోకి వచ్చి తెల్లవారేలోగా బోరు వేసి వెళ్లే యంత్రాన్ని కొద్దిమంది ఉద్యోగులు ఎంతవరకు ఆపగలరు? ఎండుతున్న చెట్టును చూస్తున్న రైతును ఏ శిక్ష ఆపగలదు? ‘పక్కవాడు ఆగితేనే నేనూ ఆగుతాను’ అన్న చోట చట్టానికి తోడు పరస్పర విశ్వాసం కావాలి.

లెక్క ప్రజల చేతికి వచ్చినప్పుడు

ఆ విశ్వాసాన్ని పెంపొందించే ప్రయత్నాలకు కూడా అనంతపురం వేదికైంది. వాటిలో మూడింటిని పరిశీలిద్దాం.

మొదటిది వాటర్‌షెడ్ కార్యక్రమం. ఆచార్య సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో సమర్పించిన నివేదిక ఆధారంగా, 1995 నుండి కొత్త మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక వాటర్‌షెడ్‌గా తీసుకొని, గ్రామస్థులతో ఏర్పడిన కమిటీ ద్వారా పనులు చేయించాలన్నది వాటి సారాంశం. కందకాలు, రాతికట్టలు, ఊటకుంటలు ఎక్కడ వేయాలో ఊరివారు కూర్చొని నిర్ణయించే అవకాశం అలా లభించింది. గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.), టింబక్టు కలెక్టివ్ వంటి స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ సీమలో ప్రజలతో కలిసి పనిచేశాయి.

రెండవది రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2003 నుండి, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలో ఇది నడిచింది. ఇందులో ఆజ్ఞలు లేవు, రాయితీలు లేవు. రైతులే వాన కొలిచారు. రైతులే పరిశీలక బావులలో నీటిమట్టాన్ని కొలిచి ఊరి గోడపై పలకలో రాశారు. రబీకి ముందు అందరూ సమావేశమై, నేలలో నీరు ఎంత ఉంది, వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని ‘పంట నీటి బడ్జెట్’ వేసుకొన్నారు. కళ్ల ఎదుట లోటు కనిపించినప్పుడు చాలాచోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి. అధికారి చెబితే అనుమానించే రైతు, తాను కొలిచిన లెక్కను కాదనలేకపోయాడు.

మూడవది సామాజిక తనిఖీ. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇచ్చిన ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. జరిగిన పనిని, పెట్టిన ఖర్చును గ్రామసభ తనిఖీ చేయాలని ఆ చట్టం నిర్దేశించింది. 2006లోనే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. శిక్షణ పొందిన గ్రామీణ యువకులు మస్టర్లు చేతబట్టుకొని ఇంటింటికీ తిరిగి, ‘ఇన్ని రోజులు పని చేసినట్లు, ఇంత కూలి అందినట్లు ఇక్కడ రాసి ఉంది, నిజమేనా?’ అని అడిగారు. పని చేయనివారి పేర్లు, అందని కూలి, కొలతలలోని తేడాలు మండల ప్రజావేదికపై అందరి సమక్షంలో బయటపడ్డాయి. అక్షరం రాని కూలీ సైతం తన లెక్కను తాను అడిగే స్థితి ఏర్పడింది. 2009లో రాష్ట్ర ప్రభుత్వం సామాజిక తనిఖీ కోసం ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది.

ఈ మూడింటిలోనూ ఒక సామ్యం ఉంది. అంతవరకు కార్యాలయపు బీరువాలో ఉన్న లెక్క ఊరి రచ్చబండ దగ్గరకు వచ్చింది. అమెరికన్ పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ వివిధ దేశాలలోని అడవులను, పచ్చికబయళ్లను, సాగునీటి వ్యవస్థలను పరిశీలించి, ఉమ్మడి వనరును వాడుకొనేవారు తామే నియమాలు ఏర్పరచుకొని, తామే కాపలా కాసుకొన్నప్పుడు అది కలకాలం నిలిచిన సందర్భాలు అనేకమని నిరూపించారు. ఆ కృషికి 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

భాగస్వామ్యానికి అవరోధాలు

ఇంతమాత్రాన ప్రజా భాగస్వామ్యం సర్వరోగ నివారిణి అని భావించరాదు. దానికీ పరిమితులు ఉన్నాయి.

కమిటీలో ఎవరు ఉన్నారన్నది మొదటి ప్రశ్న. భూమి, కులం, పలుకుబడి గలవారు ముందు వరుసలో కూర్చొంటే, కమిటీ మాట ఊరి మాటగా చలామణి అవుతుంది. ఊటకుంట నిండితే పల్లంలో బోరు ఉన్న రైతు లాభపడతాడు. దానిని తవ్విన భూమిలేని కూలీకి దక్కేది ఆ నాటి కూలి మాత్రమే. ఇద్దరి ప్రయోజనం ఒకటే అని చెప్పడం సరికాదు.

రెండవది వలస. కరువు ఏడాదిలో అనేక కుటుంబాలు బెంగుళూరుకో, కేరళకో తరలిపోతాయి. ఇంటికి తాళం వేసి, ముసలివారిని, పిల్లలను ఊరిలో వదిలి వెళ్లినవారి అభిప్రాయం గ్రామసభ పుస్తకంలోకి ఎక్కదు. కరువు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవారే కరువు గురించి చర్చించే సభకు దూరమవుతున్నారు.

మూడవది స్త్రీల స్థానం. నీళ్లు మోసేది, కలుపు తీసేది, పశువులను సాకేది ఎక్కువగా స్త్రీలే. భూమి పట్టా మాత్రం చాలా ఇళ్లలో పురుషుని పేరిట ఉంటుంది. పట్టాదారులనే పిలిచే సమావేశం సగం ఊరినే పిలిచినట్లవుతుంది. స్వయం సహాయక సంఘాలు పెరిగిన తరువాత స్త్రీల గొంతు కొంత వినిపిస్తున్నా, పొదుపు గురించి అడిగినంతగా నీటి గురించి వారిని అడగడం లేదు.

నాలుగవది కాలం. ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. కరువుకు గడువు లేదు. నిధులు, సిబ్బంది ఉన్నంతకాలం సాగిన కొలతలు, అవి ముగిసిన తరువాత కొన్నిచోట్ల మందగించాయి. అంతేకాదు, సలహా అడిగి దానిని పాటించకపోతే, మరుసటిసారి ఆ సభకు జనం రారు. సంతకాల కోసం పిలిచిన సభ భాగస్వామ్యం కాదు. అది భాగస్వామ్యంపై నమ్మకాన్ని పోగొట్టే పని.

మారుతున్న సీమ – కొత్త ప్రశ్నలు

నేటి అనంతపురం నిన్నటిది కాదు. హంద్రీ–నీవా సుజల స్రవంతి ద్వారా కృష్ణా జలాలు ఎత్తిపోతలతో 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. చీనీ, దానిమ్మ, అరటి తోటలు విస్తరించాయి. బిందుసేద్యం పరిచయమైంది. పెనుకొండ సమీపాన కార్ల కర్మాగారం 2019లో ప్రారంభమైంది. ఒకనాడు వ్యవసాయం తప్ప వేరు దారి లేని ఊళ్ల నుండి యువతీయువకులు పరిశ్రమలకు, నగరాలకు వెళుతున్నారు.

మార్పుతోపాటు కొత్త ప్రశ్నలు వచ్చాయి. దూరం నుండి వచ్చిన నీటిలో తాగునీటికి, చెరువులకు, తోటలకు, పరిశ్రమలకు ఎవరి వాటా ఎంత? కాలువ పారే ఊరికీ, కాలువ చూడని ఊరికీ మధ్య పెరిగే తేడాను ఎలా పూడ్చాలి? వేరుశనగ ఒక ఏడాది ఎండితే మరుసటి ఏడాది మళ్లీ విత్తవచ్చు. చీనీ చెట్టు ఎండితే ఎన్నో ఏళ్ల కష్టం పోతుంది. బోరు ఎండినప్పుడు ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బ్రతికించుకొన్న రైతులు ఎందరో ఉన్నారు. అటువంటప్పుడు తోటల విస్తరణకు రాయితీ ఇచ్చే ముందు ఆ ఊరి నీటి లెక్క చూడవద్దా? చిరుధాన్యాలకు మళ్లీ ఆదరణ పెరిగి, 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కాని కొర్ర పండించే రైతుకు బియ్యంతో సమానమైన కొనుగోలు భరోసా ఎవరు ఇవ్వాలి?

ఈ ప్రశ్నలకు నిపుణులు మాత్రమే సమాధానం చెప్పలేరు. ప్రజలు మాత్రమే చెప్పడం కూడా సాధ్యం కాదు. రాతి అడుగున నీరు ఎలా కదులుతుందో శాస్త్రజ్ఞునికి తెలుసు. ఏ వంకలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో ఊరి పశువుల కాపరికి తెలుసు. మొత్తం రాష్ట్రానికి నిధులు ఎలా పంచాలో ప్రభుత్వానికి తెలుసు. ఈ మూడు జ్ఞానాలూ ఒక చోట చేరినప్పుడే విధానం నేలకు దగ్గరవుతుంది.

కరువును పూర్తిగా తొలగించడం ఎవరి చేతిలోనూ లేదు. కాని వాన తక్కువ కురిసిన ఏడాది ఆ లోటును ఎవరు, ఎంత మోయాలన్నది మనుషుల చేతిలోని నిర్ణయం. ఆ నిర్ణయం జరిగే చోట దానివల్ల నష్టపోయేవారు కూడా కూర్చొని ఉండాలి. వారి ఎదుట లెక్క తెరచి ఉండాలి. వారు కాదన్నప్పుడు దానిని సరిదిద్దే వీలు ఉండాలి. ఓటు వేయడంతో పౌరుని కర్తవ్యం ముగియదు. ఊరి గోడపై రాసిన నీటిమట్టాన్ని చదవగలగడం, గ్రామసభలో ఒక ప్రశ్న అడగగలగడం కూడా పౌరధర్మమే. చదువుకొన్న యువతరం తన ఊరికి చేయగల మొదటి సేవ ఆ లెక్కను చదివి పదిమందికీ వినిపించడమే.

ప్రశ్నలు

1. మంచి ఉద్దేశంతో వచ్చిన విధానాలు కలిసినప్పుడు చిక్కులు ఎలా ఏర్పడతాయో అనంతపురం ఉదాహరణతో వివరించండి.
2. భూగర్భజల వినియోగాన్ని చట్టం ఒక్కటే ఎందుకు క్రమబద్ధం చేయలేకపోయింది?
3. సామాజిక తనిఖీ అనగానేమి? దానివల్ల గ్రామీణ కూలీలకు కలిగిన ప్రయోజనం ఏమిటి?
4. మీ గ్రామంలో లేదా వార్డులో ఇటీవల జరిగిన ఒక సభను గూర్చి తెలుసుకొని, అందులో ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో రాయండి.